పూర్వవిద్యార్థులును, వారి పాఠశాలయు

పాఠశాలను విడిచిన విద్యార్థికిని, వానిని తీర్చిదిద్దిన పాఠశాలకును సంబంధ మెంతకాలము నిలువవలయును? చదువు ముగిసినది, రుసుము చెల్లినది, టీ.సీ. చేతికి వచ్చినది, కావున ఋణము తీరినదని కొందరు తలంతురు. ఈ తలంపు సరికాదని మా అభిప్రాయము. అందులకు గల కారణములను, మనము చేయదగిన పనులను చదువరుల యెదుట నుంచుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ప్రతి పాఠశాలయందును ప్రవేశపట్టిక యని యొక పెద్ద పుస్తక ముండును. బాలుని పేరు, తండ్రి పేరు, పుట్టినతేది, చేరిన తరగతి, విడిచిన తేది, విడుచుటకు కారణము, ఇవి యన్నియు అందలి గడులలో వ్రాయబడును. కడపటి గడి నిండిన పిమ్మట ఆ బాలునిగూర్చి పాఠశాలకు ఏమియు తెలియదు. ముప్పది యేండ్లు గడచిన తరువాత ఆతడు మరల కార్యాలయపు గుమ్మ మెక్కినచో, అది తరచుగా పుట్టినతేది ధ్రువపత్రముకొరకే. పాస్‌పోర్టునకో, పింఛనునకో ఆ కాగితము కావలసియుండును. గుమాస్తాగారు పాతపుస్తకమును దులిపి, పుట తీసి, నకలు వ్రాసి యిత్తురు. వచ్చినవారు దానిని మడిచి జేబులో నిడుకొని వెళ్ళుదురు. తమకు చదువు చెప్పిన అయ్యవార లెక్కడ నున్నారో, ఎట్లున్నారో అడుగువారు అరుదు. ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లని సామెత. మనవారు తెప్పను తగులబెట్టరు గాని, దాని నొడ్డున విడిచి, అది ఎండకు పగులుచున్నదో, వానకు నానుచున్నదో వెనుదిరిగి చూడరు.

ప్రేమ లేక ఇట్లు జరుగుచున్నదని మేమనము. ఒక తరగతిలో చదివినవారు ఇరువదియైదేండ్లకు మరల కలిసికొనుట, గురువులను పిలిచి శాలువలు కప్పుట, ఛాయాచిత్రము తీయించుకొని కలిసి భోజనము చేయుట, ఇవి మన యూళ్ళలో నేడు విరివిగా జరుగుచున్నవి. సెల్‌ఫోనులలో వాట్సాప్ బృందములను గూడ ఏర్పరచుకొనుచున్నారు. చాల సంతోషము. కాని ఆ బృందములో ప్రతి ఉదయమును నూరు శుభాకాంక్షలు వచ్చుచుండగా, తమకు లెక్కలు చెప్పిన పంతులుగారు మూడు నెలలుగా మంచము పట్టియున్న సంగతి అందులో నెవరికిని తెలియకపోవుట కలదు. కూడుట వేఱు, కనిపెట్టియుండుట వేఱు. మొదటి దానికి ఒక్క దినము చాలును. రెండవది సంవత్సరము పొడుగునను సాగవలసిన పని.

డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణగారి సంగతి అందరెరిగినదే. వారు 1896 మొదలు 1900 వరకు తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలోను, ఆ పిమ్మట వేలూరులోని వూర్హీసు కళాశాలలోను, మదరాసు క్రైస్తవ కళాశాలలోను చదివిరి. 1921వ సంవత్సరమున వారు మైసూరును విడిచి కలకత్తాకు బయలుదేరినపుడు, శిష్యులు బండిని పూలతో నలంకరించి, గుఱ్ఱములకు మారుగా తామే లాగి, రైలుస్టేషనునకు గొనిపోయిరి. వారు రాష్ట్రపతియైన 1962 నుండి వారి జన్మదినమగు సెప్టెంబరు 5వ తేదిని దేశమంతటను ఉపాధ్యాయదినముగా జరుపుకొనుచున్నాము. ఇవి వినుటకు సొంపైన మాటలే. అయినను మేమొకటి యడుగుదుము. వీడ్కోలునాడు బండి లాగుట యువకుల కొక యుత్సాహము. ఒక గంట పని. గురువుగారు వృద్ధులై, కన్ను మసకబారి, వీథి చివరనున్న మందుల దుకాణమునకు నడువలేని నాడు తోడుపోవుట ఎవరి పని? సెప్టెంబరు 5వ తేదిని దండలు వేయుదుము. సెప్టెంబరు 6వ తేది మాట యేమి?

గురుశిష్యుల సంబంధము పాఠశాల గోడలను దాటి నిలిచినచో దాని ఫలమెట్టిదో తెలుపుటకు మన తెలుగునాటనే నిదర్శనములు కలవు. విలియం మిల్లరుదొరగారు 1862లో మదరాసునకు వచ్చి, క్రైస్తవ కళాశాలను పెంపుచేసి, 1907లో పని విరమించిరి. వారింకను పనిలో నుండగనే 1901లో శిష్యులు పూనుకొని ఆ నగరమున వారి విగ్రహమును నిలిపిరి. కాని అంతకన్న గొప్ప జ్ఞాపకచిహ్నము వారి శిష్యులలో నొకరు. రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు మిల్లరుగారికడ చదివిరి. నాయుడుగారు బందరు నోబిలు కళాశాలలో బోధించునపుడు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును, ముట్నూరి కృష్ణారావుగారును వారికి శిష్యులైరి. ఆ శిష్యులిరువురును కోపల్లె హనుమంతరావుగారితో గలసి 1910లో బందరునందే ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. తాము చదువుకొన్న యూరిలో తరువాతి బాలురకొరకు మఱియొక విద్యాలయమును నిలిపిరన్నమాట. పట్టాభిగారు 1923లో అదే యూర స్థాపించిన ఆంధ్రాబ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయి పేరు మాసినది గాని, అందు కొలువుచేసియు, అప్పు తెచ్చుకొనియు నిలదొక్కుకొన్న కుటుంబములు తెలుగుదేశమున నెన్నియో కలవు. ఇక ఆ నోబిలు పాఠశాలను 1843లో తెరచిన రాబర్టు నోబిలుదొరగారు 1841లో ఈ దేశమునకు వచ్చినది మొదలు 1865లో బందరునందే కన్నుమూయువరకు ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు. తన పాఠశాల కెట్టి శిష్యపరంపర కలుగునో ఆయన చూడలేదు. ఉపాధ్యాయుని పని యెప్పుడును అట్టిదే. ఫలము పండునప్పటికి నాటినవాడు తరచుగా దూరముననే యుండును. కావుననే పండినచోటినుండి ఒక కబురు ఆతనికి చేరవలయునని మేము కోరుచున్నాము.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులుగా నుండిరి. వారికడ చదివిన విశ్వనాథ సత్యనారాయణగారు ఎంత పెద్దకవియైనను, తాను వేంకటశాస్త్రిగారి శిష్యుడనని చెప్పుకొనుటయందు గర్వించిరి. శిష్యుడు ఆ మాట యనినపుడు గురువునకు కలుగు తృప్తి యే జీతమువలనను కలుగదు.

పైని చెప్పినవి పేరుగన్న వారి సంగతులు. చిన్న జీతములతో జీవితమంతయు గడపిన ఉపాధ్యాయుల స్థితి వేఱు. 2020వ సంవత్సరము మార్చిలో కరోనావ్యాధివలన బడులు మూతపడినపుడు, ప్రైవేటు పాఠశాలలలో పనిచేయు ఉపాధ్యాయులు పెక్కుమంది జీతములు లేక కూలికి పోయిరి. కొందరు తోపుడుబండ్లపై కూరగాయలమ్మిరి. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము అట్టివారికి నెలకు 2000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు నిశ్చయించినది. ప్రభుత్వము చేసిన సాయము మెచ్చదగినదే. కాని ఆ ఉపాధ్యాయులవద్ద చదివి మంచి కొలువులలో కుదురుకొన్నవా రెందరు ఆ దినములలో వారి గడప నెక్కిరి? పెక్కురకు సంగతియే తెలియదు. ఎయిడు లేని పాఠశాలలలో పనిచేసి విరమించినవారికి సర్కారు పింఛను లేదు. అట్టివారు నోరు తెరచి యడుగరు. బెత్తము పట్టిన చేతిని శిష్యునియెదుట చాచుటకు వారి మనస్సొప్పదు. శిష్యుడే తనంతట విచారించుకొనవలయును. విచారించుటకు ముందు సంబంధము తెగకుండ నుండవలయును.

పాఠశాలకు గూడ కష్టకాలములు వచ్చుచుండును. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడు విద్యాసంస్థల నుద్దేశించి, సిబ్బందిని ప్రభుత్వమున కప్పగించుటకో, సంస్థనే యప్పగించుటకో, లేక ఎయిడు లేకుండ నడుపుకొనుటకో సమ్మతి తెలుపుమని కోరినపుడు, విశాఖపట్టణము మొదలగు చోట్ల తల్లిదండ్రులును పిల్లలును వీథిలోనికి వచ్చిరి. ఆ నవంబరులో, సమ్మతించిన యాజమాన్యములు తమ సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చునని ప్రభుత్వమే తెలిపినది. ఆ విధానముయొక్క మంచిచెడ్డల నిచట చర్చింపము. ఒక పాఠశాల భవిష్యత్తు తేలుచున్న సమయమున, అందు చదివిన వేలకొలది మందిని సంప్రదించుటకు వారి చిరునామాలైనను లేకుండుట ఎంత కొఱతయో ఆలోచింపుడని మాత్రము మనవిచేయుచున్నాము.

ఇక మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. సమ్మేళనములకు వచ్చువారెవరు? ఇంజనీర్లు, డాక్టర్లు, అధికారులు, అమెరికానుండి సెలవుపై వచ్చినవారు. రానివారెవరు? పదవ తరగతి తప్పినవాడు, ఆటో నడుపువాడు, అప్పులపాలైన కౌలురైతు, భర్తను పోగొట్టుకొని కుట్టుపనితో పిల్లలను సాకుకొను తల్లి. వీరికి ఆహ్వానము పోదు. పోయినను, ఏమి మొగము పెట్టుకొని పోదుమని ఇంటనే యుండిపోవుదురు. అయ్యవారికి చూపుటకు తమవద్ద నేమియు లేదని వారి బాధ. ఏ ఉపాధ్యాయునినైనను అడిగి చూడుడు. మొదటి బల్లవారి మార్కులకన్న కడపటి బల్లవారి పేర్లే వారికి జ్ఞాపకము. వాడేమైనాడో, బ్రతుకు తెరువు దొరకినదో లేదో యని ఏండ్లు గడచినను తలచుకొనుచుందురు. పాఠశాల మార్కులనుబట్టి వేఱువేఱు ప్రవేశపట్టికలను పెట్టలేదు. అందరి పేర్లును ఒకే పుస్తకములో ఒకే సిరాతో వ్రాసికొన్నది. అట్లుండగా, మనిషికి ఇంత చందా యని ఆహ్వానపత్రికపై అచ్చువేయుట, ఈయలేనివానిని గుమ్మముకడనే నిలిపివేయుట గాదా? పెద్ద యుద్యోగులనే పిలిచి వేదికపై కూర్చుండబెట్టు సంఘము పాఠశాలలో సగమును మరచిన సంఘము.

దీనికి కొన్ని ఆక్షేపణలు కలవు. పూర్వవిద్యార్థులను దగ్గరకు రానిచ్చినచో పెత్తనము చేయుదురనియు, బంధువులకు సీట్లడుగుదురనియు, నియామకములలో సిఫారసులు చేయుదురనియు యాజమాన్యములవారు జంకుదురు. ఆ జంకు నిర్హేతుకము కాదు. అట్టివి జరిగిన చోట్లు కలవు. కాని దానికి మందు తలుపు మూయుట కాదు. సంఘమువారు పరిపాలనలో చేయి పెట్టరాదని మొదటనే నిబంధన వ్రాసికొనవలయును. వచ్చిన ప్రతి రూపాయిని, అయిన ప్రతి ఖర్చును ఏటేట ఈ సంచికలో ప్రకటింపవలయును. పేరు చెక్కిన కమాను కట్టింతుమని వచ్చు దాతకన్న, ప్రతి జూనునెలలో పదిమంది బీదపిల్లలకు నోటుపుస్తకములు కొనియిచ్చు దాతను మిన్నగా నెంచవలయును. కమాను వంక నాలుగు దినములు చూతురు. నోటుపుస్తకముల యవసరము ప్రతి సంవత్సరమును వచ్చును.

తీరిక లేదనుట మఱియొక ఆక్షేపణ. ఇందులకు గావలసిన తీరిక చాల కొంచెము. ఏడాదికి రెండు జాబులో, నాలుగు ఫోనుమాటలో, ఊరికి వచ్చినపుడు అరగంట సేపు గురువుగారి యరుగుపై కూర్చుండుటయో చాలును. పండ్లు తీసికొనిపోలేకపోయినను లోపములేదు. మాటయే వారికి పండుగ.

కావున మేము సూచించునవి యివి. మొదటిది, ప్రవేశపట్టికకు తోడుగా మన పాఠశాలలో పూర్వవిద్యార్థుల పుస్తకమొకటి తెరువబడవలయును. అందు పేరు, విడిచిన సంవత్సరము, నేటి చిరునామా, చేయు పని వ్రాయవలయును. పని యేదైనను సరియే. రెండవది, విరమించిన ఉపాధ్యాయులున్న ప్రతి యూరిలోను అచటి పూర్వవిద్యార్థులిద్దరు ముగ్గురు నెలకొక్కమారు వారిని చూచి, వారి యోగక్షేమములను పాఠశాలకు తెలుపవలయును. విరమించిన గుమాస్తాను, గంట కొట్టిన నౌకరును, హాస్టలులో అన్నము వండిన అమ్మను ఈ లెక్కలో మరువరాదు. మూడవది, పదవ తరగతి పిల్లలతో నెలకొక గంట మాటలాడుటకు పూర్వవిద్యార్థులు రావలయును. ఆ వచ్చువారిలో డాక్టరుతోపాటు నర్సు, లైన్‌మను, వడ్రంగి, దుకాణదారుడు గూడ నుండవలయును. పరీక్ష తప్పి, మరల వ్రాసి గెలిచినవారు చెప్పు మాట బాలురకు ఎందరి యుపన్యాసములకన్నను మేలుచేయును. నాలుగవది, సమ్మేళనమునకు చందా నిర్ణయింపక, ఇచ్చువా రిచ్చినది తీసికొని అందరిని పిలువవలయును.

తల్లిదండ్రులారా! మీలో పెక్కురు ఇచటనే చదివినవారు. మీ పిల్లలను గేటువద్ద దింపి పోవుటకు మారుగా ఒకనాడు లోపలికి వచ్చి, మీకు చదువు చెప్పినవారిని పలుకరింపుడు. ఆ దృశ్యమును చూచిన బిడ్డకు గురుభక్తినిగూర్చి వేఱుగ పాఠము చెప్పనక్కరలేదు. ఉపాధ్యాయులారా! పాతశిష్యుడు వచ్చినపుడు వాని యుద్యోగమును అడుగుటకు ముందు వాని క్షేమము నడుగుడు. ఉద్యోగము లేనివాడు కూడ మరల వచ్చును. బాలబాలికలారా! మీరు నేడే పూర్వవిద్యార్థులు కారు గాని, ఆ దినము దూరమున లేదు. వచ్చు మార్చిలో పాఠశాలను విడుచు పదవ తరగతివారు తమ యింటి చిరునామాను వ్రాసియిచ్చియే టీ.సీ. తీసికొని పోవలయునని కోరుచున్నాము. ఈ సంచికను చదువు పూర్వవిద్యార్థులు తమ చిరునామాలను, తామెరిగిన గురువుల చిరునామాలను బడులు తెరచు జూనునెలలోగా ప్రధానోపాధ్యాయులవారికి పంపింతురుగాక. ఆ పుస్తకము మొదటి పుటలో ఎవరి పేరున్నను మాకు సమ్మతమే. కడపటి బల్లనుండి వచ్చిన పేరైనచో మఱింత సంతోషింతుము.