ఫ్యాన్ ఏమంటోందో ముందు వినండి

మన బ్రాంచ్ వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారైనా కనిపించే మెసేజ్ ఒకటుంది: "బ్రో, పీసీలోంచి ఏదో వియర్డ్ సౌండ్ వస్తోంది, ఏం చేయాలి?" కింద వచ్చే జవాబులూ ఎప్పుడూ అవే. కొత్త కూలర్ కొను. ఫార్మాట్ కొట్టు. హెడ్‌ఫోన్స్ పెట్టుకో. ఆ సౌండ్ ఎలాంటిదని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా "అదే బ్రో, వియర్డ్‌గా" అని వస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎలాంటి చప్పుడో తెలుసుకోకుండా ఇచ్చే సలహా చీకట్లో విసిరిన రాయి. ఆ చప్పుడు ఎలాంటిదో చెప్పే మాటలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. మనమే వాడటం మానేశాం.

నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. మనలో చాలామందికి గరగర, కీచుకీచు, దడదడ లాంటి ధ్వన్యనుకరణ పదాలు టెన్త్‌తో అయిపోయిన సిలబస్. కానీ డెస్క్‌టాప్ సైడ్ ప్యానెల్ తీసి కూర్చుంటే ఒక్కో మాటా ఒక్కో రోగం పేరు.

హోరు: గాలి చప్పుడు. కోడ్ కంపైల్ అవుతున్నప్పుడో, గేమ్ ఆడుతున్నప్పుడో పెరిగి తర్వాత తగ్గితే అది ఆరోగ్యమే. ఏ పనీ లేనప్పుడు కూడా హోరుమంటుంటే దుమ్ము పేరుకుని ఉండొచ్చు, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో ప్రాసెస్ ప్రాసెసర్‌ని తినేస్తూ ఉండొచ్చు.

గరగర: బేరింగ్ అరిగింది. ముఖ్యంగా స్లీవ్ బేరింగ్ ఫ్యాన్లలో లోపలి నూనె ఎండేకొద్దీ ఇది మొదలవుతుంది. పొద్దున ఆన్ చేయగానే ఎక్కువగా ఉండి, కాస్త వేడెక్కాక తగ్గితే అనుమానం ఇంకా బలపడుతుంది.

దడదడ: ఫ్యాన్ బాగానే ఉంది, స్క్రూ వదులైంది. లేదా క్యాబినెట్ రేకు అదురుతోంది. చేత్తో ప్యానెల్‌ని నొక్కితే ఆగిపోతుంది. దీనికి మందు స్క్రూడ్రైవరే, ఖర్చు సున్నా.

సన్నగా కుయ్‌మనే కూత: చాలాసార్లు ఇది ఫ్యానే కాదు. గ్రాఫిక్స్ కార్డులోనో పవర్ సప్లైలోనో ఉండే కాయిల్స్ కరెంటు మార్పులకి వణకడం వల్ల వస్తుంది. ఫ్రేమ్ రేట్ మారినప్పుడల్లా కూత స్థాయి మారితే ఇదే. ఫ్రేమ్ రేట్‌కి పరిమితి పెడితే తగ్గుతుంది. దీనికోసం ఫ్యాన్ మార్చినవాడికి కొత్త ఫ్యానూ, పాత కూతా మిగులుతాయి.

ఇక టకటక. ఇక్కడ చిన్న లెక్క ఉంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫ్యాన్ సెకనుకి 20 చుట్లు తిరుగుతుంది. దానికి 7 రెక్కలుంటే, అడ్డంగా ఉన్న వైరుకి సెకనుకి 140 దెబ్బలు తగులుతాయి. అన్ని దెబ్బల్ని మన చెవి విడివిడిగా వినలేదు, బర్ర్‌మని ఒకటే మోతగా వింటుంది. ఒక్క రెక్కే వంగి ఫ్రేమ్‌కి రాసుకుంటే సెకనుకి 20 దెబ్బలు, అది టరటర. మరి సెకనుకి ఒకటో రెండో టక్... టక్... అని వినిపిస్తే? మామూలు వేగంతో తిరిగే ఫ్యాన్ అలా అనలేదు. అయితే ఫ్యాన్ తిరగలేక తన్నుకుంటోంది, లేదా ఆ చప్పుడు హార్డ్ డిస్క్‌ది. హార్డ్ డిస్క్ అయితే ఫ్యాన్ సంగతి తర్వాత, ముందు ప్రాజెక్ట్ ఫైల్స్ బ్యాకప్ తీసుకోండి. టకటకకీ టరటరకీ తేడా పట్టించుకోకపోతే సెమిస్టర్ మొత్తం పోవచ్చు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మనందరికీ తెలిసిందే. అక్కడ ఒక చిన్న రిపేర్ షాపుకి రూమ్మేట్ సీపీయూ పట్టుకుని నేనూ వెళ్లాను. కౌంటర్ వెనక ఉన్నాయన ప్లగ్ కూడా పెట్టకుండా అడిగిన మొదటి మాట: "ఎట్లంటుంది తమ్మీ? గర్ర్ అంటుందా, కుయ్ అంటుందా? పొద్దుగాల్ల ఎక్కువుంటదా?" మావాడు "గర్రే అన్నా, పొద్దున్నే ఎక్కువ" అన్నాడు. ఆయన వెనక క్యాబినెట్ ఫ్యాన్ ఒక్కటే మార్చాడు, అంతే. ప్రాసెసర్ కూలర్ జోలికే పోలేదు. ఆ రెండు ప్రశ్నల్లో ఉన్నది పక్కా డయాగ్నసిస్. చప్పుడు స్వభావం ఏమిటి, ఏ పరిస్థితిలో వస్తుంది.

ఆయన అడిగిన తీరు గమనించండి. మనం "సౌండ్ వస్తోంది" అంటాం. ఆయన "ఏమంటుంది" అన్నాడు. తెలుగులో వస్తువు చప్పుడు చేసి ఊరుకోదు, ఏదో ఒకటి "అంటుంది". తలుపు కిర్రుమంటుంది, పాము బుస్సుమంటుంది, ఫ్యాన్ గరగరమంటుంది. అలా అడిగితే అవతలివాడు చెవి పెట్టి వినక తప్పదు.

"సాఫ్ట్‌వేర్ ఉంది కదా, చెవులెందుకు?" అనొచ్చు. నిజమే, బయోస్‌లోనే ఫ్యాన్ వేగం కనిపిస్తుంది. కానీ అది చెప్పేది వేగమే. బేరింగ్ అరిగిన ఫ్యాన్ కూడా తెర మీద బుద్ధిగా 1200 చూపించగలదు. "నీ గరగర, నా గరగర ఒకటేనా?" అని కూడా అడగొచ్చు. కాకపోవచ్చు. అందుకే మాటని తీర్పుగా కాదు, మొదటి అనుమానంగా తీసుకోవాలి. తర్వాత రుజువు చేసుకోవాలి. పవర్ ఆఫ్ చేసి ప్లగ్ పీకి, క్యాబినెట్ ఫ్యాన్లలో ఒకదాని కనెక్టర్ తీసి, మళ్లీ ఆన్ చేసి వినండి. చప్పుడు ఆగలేదా, దాన్ని తిరిగి పెట్టి తర్వాతిది తీయండి. ప్రాసెసర్ ఫ్యాన్ మాత్రం తీసి నడపొద్దు. పేపర్‌ని గొట్టంలా చుట్టి చెవికి పెట్టుకుంటే ఏ మూల నుంచి వస్తోందో తెలుస్తుంది. పవర్ సప్లై డబ్బా విప్పొద్దు, ప్లగ్ పీకాక కూడా దాని కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకోండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

గచ్చిబౌలిలో ఉండేవాళ్లకి ఇదంతా ఇంకా అవసరం. నానక్‌రాంగూడ, కోకాపేట వైపు ఎటు చూసినా ఏదో టవర్ లేస్తూనే ఉంటుంది. పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్మే హీట్‌సింక్ రేకుల మధ్య దూరి గాలికి అడ్డం పడుతుంది. వేడి దిగక ఫ్యాన్ వేగం పెంచుకుంటుంది. ఫ్యాన్ల సూత్రం ప్రకారం వేగం రెట్టింపైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. దానికి తోడు ఏప్రిల్, మే ఎండలు. దుమ్ము దులిపితే పోయే హోరుకి కొత్త కూలర్ కొనడమంటే తలనొప్పికి తల మార్చుకోవడమే.

ఇది ఒక్క ఫ్యాన్ గొడవ కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న ఈ ఏరియాలోనే రేపు మనం ఉద్యోగాలు వెతుక్కుంటాం. అక్కడ రోజూ చేయాల్సిన పని ఏది ఎప్పుడు ఎలా చెడిందో అవతలివాడికి అర్థమయ్యేలా చెప్పడం. "నాట్ వర్కింగ్" అని టికెట్ పెట్టేవాడూ, "వియర్డ్ సౌండ్" అని మెసేజ్ పెట్టేవాడూ ఒకడే. ఇంగ్లీష్‌లోనూ ఇలాంటి మాటలున్నాయి, కాదనను. కానీ మన చెవికి చిన్నప్పటి నుంచి అమ్మమ్మలు, నాయనమ్మలు నేర్పినవి తెలుగువి. చేతిలో ఉన్న పనిముట్టుని వదిలేసి "తెలుగు వల్ల ఉపయోగమేంటి" అని అడగడం అన్యాయం.

కాబట్టి గ్రూప్‌లో ఈసారి మెసేజ్ పెట్టేముందు మూడు విషయాలు రాయండి: ఏమంటోంది, ఎప్పుడంటోంది, ఏ మూల నుంచి అంటోంది. జవాబిచ్చేవాళ్లు ఆ మూడూ తెలిశాకే షాపింగ్ లింకులు పంపండి.