ఆపరేషనుకు లక్షలు, మాత్రకు మొండిచెయ్యి

కొలెస్టరాల్ తగ్గించే మందులమీద ప్రభుత్వం డబ్బు పెట్టడం దుబారా అని వాదించే మిత్రులు మనలోనే ఉన్నారు. అది నేతిగిన్నెల జబ్బట. కరువుసీమకు కావలసింది కూడూ నీరూనట. వినడానికి ప్రజాపక్షంగానే ఉన్నది. కాని ఈ వాదం పేదవాణ్ణి రెండుసార్లు చంపుతుంది.

2006లో వెలువడిన ఒక అధ్యయనం గోదావరి ప్రాంతంలో 45 గ్రామాల మరణాలను పరిశీలించింది. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్ల వచ్చినవే. బీడీపొగ, రక్తపుపోటు, చక్కెరవ్యాధి ఇంట్లో నెయ్యి ఉన్నదా అని అడిగి రావు.

నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కాని కళ్యాణదుర్గం మెట్టలో మా చిన్నాన్నను చూశాను. జన్మంతా రాగిసంగటి తిన్న వేరుసెనగ రైతు. గుండెపోటు వస్తే ప్రభుత్వ ఖర్చుమీదనే స్టెంటు వేశారు. ఆ మేలు మరువను. ఏడాది తిరిగాక చేతిలో మిగిలింది మందులచీటీ. వాన తప్పిన ఏడు ఇంట్లో మొదట ఆగినది ఆ మాత్రే. మళ్ళీ పోటు వచ్చింది, ఆయన దక్కలేదు. మాత్ర మానడమే కారణమని ప్రమాణం చేయలేను. మానవలసిన అవసరం ఎందుకు వచ్చిందని మాత్రం అడగగలను.

ఆరోగ్యశ్రీ 2007లో మొట్టమొదట మొదలైన మూడు జిల్లాలలో మనది ఒకటి. ప్రభుత్వాలు మారినకొద్దీ పేరు మారింది, స్వభావం మారలేదు. పడ్డాక లేపుతుంది, పడకుండా పట్టుకోదు. కొన్ని చికిత్సల తర్వాత ఏడాదిపాటు మందులిచ్చే ఏర్పాటు ఉన్నది, నిజమే. అయితే గుండె ఏడాది కంట్రాక్టుమీద కొట్టుకోదు గదా!

మందు పనిచేస్తుందా అంటారా? గుండెజబ్బు ఉన్న 4,444 మందిపై స్కాండినేవియాలో జరిగిన పరిశోధన ఫలితాలు 1994లో వచ్చాయి. సిమ్వాస్టాటిన్ వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. అటోర్వాస్టాటిన్ మన జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నది. మన దేశంలోనే తయారవుతున్నది. జాబితాలో పేరుండటం వేరు, నెలనెలా మాత్ర పల్లెకు చేరటం వేరు. ఊరందరికీ పంచమనటం లేదు. పోటు, పక్షవాతం వచ్చినవారికీ, ముప్పున్నదని డాక్టరు తేల్చినవారికీ బతికినంతకాలం ఇవ్వమంటున్నాను.

ఆపరేషను వెనుక ఆస్పత్రి ఉన్నది, బిల్లు ఉన్నది, పత్రికలో ఫొటో ఉన్నది. చవక మాత్ర వెనుక ఎవరున్నారు? బతికివున్న రైతు తప్ప ఎవరూ లేరు. కూడా, మాత్రా తేల్చుకొమ్మని ఆ రైతును నిలదీయటం ప్రజాపక్షం కాదు. రెండూ అతని హక్కే.