మేం పెట్టుకోని కిరీటం

"ఎనిమిది వందల ఏళ్లు మీరే ఏలారు కదా!" చదువుకున్న మిత్రులు కూడా మమ్మల్ని చూసి ఈ మాట అనేస్తుంటారు. ఎవరు ఏలారు? దూది ఏకి పొట్టపోసుకున్న దూదేకుల సాయిబు ఏలాడా? ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూసినవాడు ఏలాడా? జట్కా తోలినవాడు ఏలాడా? నవాబుల దేవిడీల్లో మా వాళ్లు గడప బయటే నిలబడ్డారు. అయినా ముసల్మానంటే మాజీ పాలకుడే! ఈ తప్పుడు లెక్కను గట్టిపరచిన వాటిల్లో ఒక రాణిగారి బిరుదు కూడా ఉంది. అది కైసర్-ఎ-హింద్.

ఈస్టిండియా కంపెనీ 1765లో మొగల్ పాదుషా ఫర్మానాతోనే బెంగాల్ దివానీ పుచ్చుకుంది. 1835 దాకా పాదుషా పేరుతో రూపాయలు కొట్టింది. 1858లో పాదుషా బహదూర్ షా జఫర్‌నే ఎర్రకోటలో రాజద్రోహిగా నిలబెట్టి విచారించింది. నౌకరు యజమాని మీద ద్రోహం కేసు పెట్టాడన్నమాట! జఫర్ 1862లో రంగూన్ ప్రవాసంలో కన్నుమూశాడు.

1876లో డిజ్రేలీ ప్రభుత్వం చట్టం చేసి విక్టోరియాను హిందుస్తాన్ చక్రవర్తినిని చేసింది. అక్కడి ప్రతిపక్షానికి ఆ పేరే గిట్టలేదు. బ్రిటన్ లోపల ఆ బిరుదు వాడబోమని ప్రభుత్వం హామీ ఇవ్వాల్సివచ్చింది. తమ ఇంట్లో చెల్లని కిరీటాన్ని మన కోసం చేయించారు. పాదుషా అనకుండా, మహారాజు అనకుండా, లాహోర్‌లోని లైట్నర్ పండితుడు రోము సీజర్ నుంచి ఫారసీలోకి వచ్చిన 'కైసర్'ను సూచించాడు. పేరు కొత్తదే గాని తంతంతా మొగలాయీదే. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు తీర్చాడు. పదేళ్ల నిజాం మహబూబ్ అలీఖాన్‌ను కూడా అక్కడ కూర్చోబెట్టారు. దోపిడీకి వారసత్వం ముసుగు వేశారు.

ఆ ఏడాదే ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప పల్లెల్లో జనం పిట్టల్లా రాలారు. లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, పనికి వచ్చిన మగమనిషికి రోజుకు పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. ఆకలి మతం చూడలేదు, గరిసె చూసింది. దూదేకుల సాయిబు, మాల, మాదిగ ఒకే తిండి లేక చచ్చారు.

రాజ్యం ముసల్మానుల నుంచి తమకు దఖలు పడిందని తెల్లవాడు చెప్పుకున్నాడు. దాంతో ప్రతి ముసల్మానూ రాజ్యం పోగొట్టుకున్నవాడైపోయాడు, అనుమానితుడయ్యాడు. ముసల్మానులు రాణిపై తిరగబడటానికి ధర్మబద్ధులా అని హంటర్ దొర 1871లోనే పుస్తకం రాశాడు. మాలోని అష్రాఫులు కూడా తక్కువ తినలేదు. 1906లో సిమ్లాలో వైస్రాయి ముందు పాత వైభవాన్ని గుర్తుచేసి వాటా అడిగారు. ఆ అర్జీలో కళాయి సాయిబు ఊసెక్కడ?

1948 జూన్ 22న బ్రిటన్ రాజు ఆ బిరుదు వదులుకున్నాడు. మమ్మల్ని మాత్రం ఇంకా బాబర్ సంతానమంటున్నారు, దేశభక్తి రుజువు చేసుకోమంటున్నారు. దర్బారులో మాకు కుర్చీ లేదు. కరువు పనిలో రాళ్లు కొట్టినవాళ్ల బిడ్డలం మేం. చరిత్రలో మా పేరు రాయాలంటే ఆ మస్తర్లో రాయండి.