ఒరిజినల్ ధరకు డూప్లికేటు అంటగడితే ఎలా?

మామిడి కోతలయ్యి కొమ్మ కత్తిరింపులు మొదలయ్యేసరికి నూజివీడు, మైలవరం వైపు రైతులు రంపం మిషన్లు పట్టుకుని రిపేరుకు బెజవాడ బాట పడతారు. నందిగామ పక్క సుబాబుల్ నరికే ముఠాలకైతే మిషనే బతుకుతెరువు. గుణదల నుంచి ఆటోనగర్ దాకా ఏ సామాన్ల కొట్టులోనైనా గొలుసు అడిగి చూడండి. "ఒరిజినలా, డూప్లికేటా?" అని ఎదురు అడిగే కొట్టువాడు మంచివాడు. అడక్కుండా డూప్లికేటు చేతిలో పెట్టి ఒరిజినల్ డబ్బు తీసుకునేవాడితోనే తంటా అంతా.

డూప్లికేటు అనగానే ఈసడించుకోనక్కర్లేదు. జర్మనీ వారి స్టిల్, స్వీడన్ వారి హస్క్‌వర్నా మిషన్లకు సరిపోయే సామాను చైనాలో తయారై వస్తోంది. బజారులో దొరికే 52, 58 సీసీ చైనా మిషన్లు చాలావరకు ఒకే నమూనావి, స్టిక్కరు మారితే పేరు మారుతుంది. ఏడాదికి నాలుగు రోజులు వాడే మిషనుకు వేలకు వేలు పొయ్యమని చిన్న రైతుకు చెప్పడం న్యాయం కాదు. స్టార్టరు తాడు, దాని స్ప్రింగు, పైకవరు, ప్లగ్గు టోపీ లాంటివి చవకలో వేసుకోండి. పాడైతే మిషను ఆగుతుంది, అంతేగా!

గొలుసు సంగతి అలా కాదు. నాసిరకం ఉక్కు గొలుసుకు పదును నిలవదు, ఊరికే సాగుతుంది. మొద్దుబారితే పొట్టు బదులు పొడి రాలుతుంది. తెగడం లేదని కూలివాడు బలంగా నొక్కుతాడు. ఆ నొక్కుడులో బారు ముక్కు పక్క కొమ్మకు తగిలిందా, మిషను ఎగిరి మొహం మీదికొస్తుంది. గొలుసు కొన్నది ఆసామి, పట్టుకున్నది కూలివాడు. మిగిలిన డబ్బు ఒకరి జేబులోకి, దెబ్బ మరొకరి ఒంటి మీదికి! అందుకే గొలుసు, చైన్ బ్రేకు, క్లచ్చు ఈ మూడింటి దగ్గర బేరం వద్దంటాను. కొట్టు దగ్గరే మిషను స్టార్టు చేయించండి. ఐడిలింగులో గొలుసు తిరగకూడదు. రేజు చేసినప్పుడు ముందున్న గార్డును ముందుకు తోస్తే గొలుసు టక్కున ఆగాలి. ఆగకపోతే ఆ మిషను ఇంటికి తేవద్దు. గొలుసు కొనేటప్పుడు పిచ్చు, గేజి, లింకుల లెక్క మూడూ కలవాలి. బారు మీద ఆ అంకెలు కొట్టి ఉంటాయి. అవి అరిగిపోతే పాత గొలుసు వెంట తీసుకెళ్లండి.

ఇక పిస్టను పట్టేసిందంటే తప్పంతా డూప్లికేటుదే అనుకోవద్దు. పెట్రోల్లో టూ స్ట్రోక్ ఆయిలు తగ్గినా పట్టేస్తుంది. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మిషను పుస్తకంలో ఏది ఉంటే అదే కలపాలి. క్రాంకు సీలు దగ్గర గాలి పీలుస్తున్నా అదే గతి. కారణం వెతక్కుండా కొత్త పిస్టను దించే మెకానిక్కుకు వారంలో మళ్లీ అదే బేరం తగులుతుంది. సిలిండరు లోపలి పూత నాసిగా ఉంటే లేచిపోయి పిస్టనును గీసేస్తుంది గనక, రోజూ పనిచేసే మిషనుకు అక్కడ కక్కుర్తి పడితే నష్టమే.

అసలు చిక్కు బిల్లుతో. "స్పేర్లు" అని ఒక్క మాట రాసి అంకె వేసిన కాగితం దేనికీ పనికిరాదు. సామాను పేరు, తయారీదారు పేరు, ధర విడివిడిగా రాయించుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే, రెండేళ్లలోగా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసినా సరే. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్దండీ" అని కొట్టువాడు బెదిరిస్తే, పడనివ్వండి. వేలికి దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు అంతకంటే తక్కువేమీ కాదు.

కొట్లవాళ్లకు ఇందులో పోయేదేమీ లేదు. డూప్లికేటు సామాను వేరే అరలో పెట్టి, దాని పేరుతో, దాని ధరకే అమ్మితే కొనేవాళ్లు కొంటూనే ఉంటారు.