మేడారం ప్రాంత గిరిజన యువతకు దంత వైద్య సహాయకుల శిక్షణ కావాలి

తాడ్వాయి, ఏటూరునాగారం, గోవిందరావుపేట మండలాల ప్రజలకు, ఏటూరునాగారం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖకు విన్నపం

రెండేళ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగే నాలుగు రోజులూ మేడారంలో వైద్య శిబిరాలు వెలుస్తాయి, అంబులెన్సులు బారులు తీరుతాయి. జాతర ముగిసి శిబిరాలు ఎత్తివేశాక, అక్కడి కోయ గూడేలలో పంటి నొప్పితో బాధపడే మనిషి చికిత్స కోసం ములుగుకో, వంద కిలోమీటర్ల దూరాన ఉన్న వరంగల్‌కో పోవలసి వస్తుంది. ఆ ప్రయాణానికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. అందువల్ల దవడ వాచి అన్నం నమలలేని స్థితి వచ్చేదాకా నొప్పిని ఓర్చుకోవడమే అలవాటవుతుంది. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. పొగాకు నమలడం విస్తారంగా ఉన్న మన దేశంలో, పురుషులకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ఒకటి.

దగ్గరలో దంత చికిత్స దొరకని ఈ కొరతకు దంత వైద్యుల సంఖ్య ఒక్కటే కారణం కాదు. దేశంలో దంత వైద్య కళాశాలలు 300కు పైగా ఉన్నాయి. చదివి బయటికి వచ్చినవారిలో అత్యధికులు నగరాల్లోనే స్థిరపడుతున్నారు. మారుమూల ఆసుపత్రికి వైద్యుడు వచ్చినా, పక్కన శిక్షణ పొందిన మనిషి లేకపోతే అతని పని సగానికి పడిపోతుంది.

దంత వైద్య సహాయకుడు లేదా సహాయకురాలు అంటే రోగి కుర్చీ పక్కన వైద్యునితో కలిసి పనిచేసే శిక్షణ పొందిన సిబ్బంది. వైద్యుని రెండు చేతులకు సహాయకురాలి రెండు చేతులు తోడై సాగే ఈ పద్ధతిని నాలుగు చేతుల దంత వైద్యం అంటారు: వైద్యుడు రోగి నోటిపై నుంచి చూపు తిప్పకుండానే కావలసిన పరికరం చేతికి అందుతుంది, సక్షన్ గొట్టం, అంటే నోట్లో చేరే నీటినీ లాలాజలాన్నీ పీల్చివేసే గొట్టం, సరైన చోట నిలుస్తుంది, నిమిషాల్లో గట్టిపడిపోయే సిమెంటు సరిగ్గా సమయానికి కలిపి సిద్ధమవుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది పరిశుభ్రత. ఒక రోగి రక్తం అంటిన పరికరం సరిగా శుద్ధి కాకుండా మరొకరి నోట్లోకి పోతే హెపటైటిస్-బి వంటి వ్యాధులు సోకే ప్రమాదం ఉంది కనుక, పరికరాలను కడిగి, ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో 121 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద నిర్ణీత సమయం ఉంచడం, సూదులను 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాల ప్రకారం తెల్లని డబ్బాలో వేయడం నేర్చుకుని తీరవలసిన పనులు. ఎవరినో పిలిచి చూసి నేర్చుకోమంటే సరిపోయే పని కాదిది.

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో ఎడ్మండ్ కెల్స్ అనే దంత వైద్యుడు 1885లోనే ఒక మహిళను సహాయకురాలిగా నియమించుకున్నాడు. తరువాతి కాలంలో అక్కడ అది ప్రత్యేక శిక్షణ గల వృత్తిగా ఎదిగింది. మన దేశంలో 1948 దంత వైద్యుల చట్టం వైద్యులకు, పళ్లు శుభ్రపరిచే హైజీనిస్టులకు, కట్టుడు పళ్లు చేసే మెకానిక్కులకు రిజిస్టర్లు ఏర్పరిచిందే గాని సహాయకులకు అటువంటి రిజిస్టరు పెట్టలేదు. ఆ లోటు ఫలితమే నేటి దుస్థితి: చాలా ప్రైవేటు క్లినిక్కులలో ఈ పని చేసే అమ్మాయిలకు ధ్రువపత్రం లేదు, నియామక పత్రం లేదు, జీతానికి హామీ లేదు. 1948 చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ దంత వైద్య కమిషన్ చట్టం చేసింది. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం సైతం వైద్యుడు, హైజీనిస్టుతో పాటు సహాయకునికీ తోడ్పాటు ఇవ్వడానికి వీలు కల్పించింది. పోస్టుకు దారి ఉన్నప్పుడు ఆ పోస్టుకు తగిన మనుషులను ఈ నేల మీదనే తయారుచేయడం న్యాయం.

ఇక్కడివారే ఎందుకు కావాలన్నదానికి సమాధానం భాషలో ఉంది. కోయ మాట్లాడే ముసలమ్మకైనా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో స్థిరపడిన గుత్తికోయ కుటుంబానికైనా, మత్తు సూది ఎందుకు వేస్తున్నారో, పన్ను తీసిన చోట దూదిని ఎంతసేపు కరిచిపట్టాలో సొంత భాషలో చెప్పే మనిషి ఎదురుగా ఉంటే భయం తగ్గుతుంది. చెప్పిన జాగ్రత్త ఇంటికి వెళ్లాక కూడా గుర్తుంటుంది. పైగా ఇంటర్మీడియట్ తరువాత చదువు ఆపేసే గిరిజన యువతులకు, ఐదేళ్ల డిగ్రీ ఖర్చు భరించలేని కుటుంబాలకు, తక్కువ కాలంలో చేతికందే గౌరవప్రదమైన వృత్తి ఇది. అయితే తల్లిదండ్రులకు ఒక మాట దాచకూడదు: ప్రస్తుతం ఈ పనికి జీతాలు తక్కువ, నిలబడి చేసే గంటలు ఎక్కువ. అందుకే శిక్షణతో పాటే జీతం, భద్రత కూడా అడగవలసి ఉంది.

2024లో తరగతులు మొదలైన ములుగు ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ఏడాది శిక్షణను ప్రారంభించాలి. అందులో సగం కాలం ఆసుపత్రి దంత విభాగంలో కుర్చీ పక్కనే గడవాలి. శిక్షణార్థులకు ఉపకార వేతనం, వసతి గిరిజనాభివృద్ధి సంస్థ భరించాలి. తొలి రోగి దగ్గర నిలబడేలోపే ప్రతి శిక్షణార్థికీ హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తి కావాలి. అవి ఆరు నెలల కాలంలో పడతాయి కనుక చేరిన వారంలోనే మొదటిది వేయాలి. శిక్షణ ముగించినవారికి రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ధ్రువపత్రం ఇచ్చి, ఏటూరునాగారం సామాజిక ఆసుపత్రిలోనూ, గూడేలకు తిరిగే సంచార దంత వైద్య వాహనంలోనూ పోస్టులు మంజూరు చేయాలి. వచ్చే జాతరలో పెట్టవలసిన దంత వైద్య శిబిరంలో వైద్యుల పక్కన నిలబడేది ఈ తొలి బృందమే కావాలి.