గేరు ఆయిలుకు నెంబరు ఒక్కటే చాలదు
అన్నవరం: 16వ నెంబరు జాతీయ రహదారిపై బియ్యం, కొబ్బరి, అరటి లోడుతో సాగే లారీలకు గేరు ఆయిలు అమ్మకంలో ఒక పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా నిలకడగానే ఉంది. గేరుబాక్సుకూ, వెనుక హౌసింగుకూ ఒకే పీపా. "90 నెంబరు" అని అడగడం, ఉన్నది పోయడం.

ఈ అలవాటు మానవలసిందే. 90 అన్నది చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. లోపలి మందు సంగతి తెలిపేది జీఎల్ గుర్తు. హౌసింగులో క్రౌను, పినియను పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ బరువు మోస్తాయి గనుక గంధకం, భాస్వరం మందు పాలు ఎక్కువగా ఉన్న జీఎల్-5 అక్కడ అవసరం. గేరుబాక్సులో ఇత్తడి సింక్రో రింగులుంటే కథ వేరు. కొన్ని రకాల్లో ఆ గంధకమే వేడికి ఇత్తడిని తినేస్తుంది. జారుడు ఎక్కువైతే రింగు పట్టు చిక్కక గేరు గరగరలాడుతుంది. అలాంటి బాక్సులకు సాధారణంగా జీఎల్-4 వాడాలి. కొత్త బండ్లలో తేడాలున్నాయి, తయారీదారు పుస్తకమే ప్రమాణం. అంకె పెద్దది గనుక 5 మేలురకమని అంటగట్టడం వర్తకం కాదు.

లీటరుపై మిగిలేది స్వల్పం. రింగులు మార్చాలంటే గేరుబాక్సు దింపాలి, అన్నాళ్ల కిరాయి పోతుంది. రావులపాలెం అరటి దారిలోనే మగ్గితే నష్టం లారీ యజమానితో ఆగదు, గెలలు పంపిన కమీషను వ్యాపారి ఖాతాకూ ఎక్కుతుంది. దుకాణదారులు రెండు రకాలూ నిల్వ ఉంచి, బిల్లుపై గ్రేడు రాయాలి. విడిగా పోయించుకునేవారు పీపాపై గుర్తు చూడనిదే సొమ్ము చెల్లించరాదు.