ముప్పై ఏళ్ల నిబంధన ఎవరిని కాపాడింది?

అనంతపురం పీఠభూమిలో ఏడాది మొత్తానికి పడేదే 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అదీ అదనుకు పడకపోతే వేరుశనగ ఊడలు దిగవు. బోరు అప్పు, పంట అప్పు కలిసి మీద పడ్డ ఇంట్లో కువైట్ మాట మొదలవుతుంది. కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు అక్కడికి ఇంటి పనికి వెళ్లడం కొత్తేమీ కాదు. వాళ్ల మంచిచెడ్డలు చూడాల్సిన కేంద్ర వలసల విభాగం మాత్రం వెళ్లకుండా ఆపడమే రక్షణ అనుకుంటోంది. ఈ అలవాటు బ్రిటిష్ వాళ్ల నాటిది. నటాల్, ఫిజీ చెరకు తోటలకు మద్రాసు రేవు నుంచి కూలీల ఓడలు కదిలిన కాలంలో ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి ఉండేవాడు. ఇష్టపడే వెళ్తున్నావా అని అడిగి పేరు రాసుకునేవాడు. తోటలో కొరడా లేచిన నాడు ఆ రాతకోతలు అక్కరకు రాలేదు. వలసలపై 1922లో ఒక చట్టం, 1983లో మరొకటి వచ్చాయి. కార్మిక శాఖ కిందున్న ఆ విభాగం 2004లో ప్రవాస భారతీయుల శాఖకు, 2016లో విదేశాంగ శాఖకు మారింది. పదవి పేరు నేటికీ అదే, పని తీరూ దాదాపు అదే.

పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ (వలస తనిఖీ తప్పనిసరి) అని ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టున్న మహిళ గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. అక్కడ చిత్రహింసలు పెడుతుంటే ఆపొద్దా అని అడిగేవారున్నారు. వాళ్ల భయం నిజమైనదే. కానీ పాతికేళ్ల తల్లిని నిబంధన ఆపినా అప్పు ఆపదు. ఆమె సబ్‌ఏజెంట్ చేతికి డబ్బు పోసి, విజిటింగ్ వీసా మీద మరో దేశం మీదుగా కువైట్ చేరుతుంది. పనికి వెళ్లినట్టు మన రికార్డుల్లో ఉండదు. సక్రమంగా వెళ్లిన వారికి ఉండే 10 లక్షల ప్రవాసీ బీమా ఉండదు. సేటు జీతం ఎగ్గొడితే చూపడానికి ఒప్పంద పత్రమూ ఉండదు. కువైట్ 2015లోనే ఇంటి పనివారికి వారానికో రోజు సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు లాక్కోరాదని చట్టం చేసింది. 2021లో మన దేశంతో ఒప్పందమూ కుదిరింది. దొడ్డిదారిన వెళ్లిన మనిషి వీటిని అడిగే ధైర్యం చేయలేదు.

ఊళ్లోనే పని చూపించాలన్న వాదనా సరైనదే, హంద్రీనీవా కాలువ నీళ్లు ప్రతి చేనుకూ చేరాలి. అందాకా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉంటారు. వయసు నిబంధన ఎత్తేసి, కదిరిలోనే నమోదు కౌంటర్ పెట్టి, తెలుగులో రాసిన ఒప్పందాన్ని ఆమె చేతికిచ్చి పంపాలి. రాయబార కార్యాలయంలో ఫోనెత్తి తెలుగులో మాట్లాడే మనిషి రాత్రిపూట కూడా ఉండాలి.